సంఘపు పనుల మధ్య ఏకాంత ప్రార్థనకు సమయం ఎక్కడినుంచి తేవాలి?

సహోదరికి ప్రభువు నామమున వందనాలు.

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ముందుగా చెప్పుకుంటాను. మీరు ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. మీ వారు పేపరు మిల్లులో షిఫ్టుల మీద పనిచేస్తారు. రెండు గదుల క్వార్టర్స్‌లో అత్తగారు, ఇద్దరు పిల్లలతో కలిసి ఉంటున్నారు. వీటికి తోడు ఆదివారం సండే స్కూలు, క్వయరు, స్త్రీల సమాజం లెక్కలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం గృహ ప్రార్థన, రోజూ పొద్దున్నే సంఘం వాట్సాప్ గ్రూపులో వాక్యం పెట్టే బాధ్యత కూడా మీదే. దేవుని పని ఎడతెగక చేస్తున్నా దేవుని దగ్గర ఊరికే కూర్చున్నది ఎప్పుడో గుర్తు రావడం లేదని రాశారు. ఏకాంతానికి సమయం దొరకాలంటే తెల్లవారుజామున నాలుగింటికే లేవాలా, ఏదైనా ఒక పరిచర్య మానుకుంటే విశ్వాసంలో వెనుకబడినట్లా, మౌనంగా కూర్చోవడం క్రైస్తవుల పద్ధతి కాదని మీ స్నేహితురాలు అన్నది నిజమా అని మూడు సంగతులు అడిగారు. మానుకోవలసి వస్తే ఏది వదలాలో కూడా చెప్పమన్నారు.

నేను రాయగడ, కొరాపుట్ జిల్లాల లూథరన్ సంఘాల్లో పాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉదయం ఒడియాలోనూ, ఆ తరువాత తెలుగులోనూ ఆరాధన జరిపే సంఘాల్లోనే నా సేవ చాలావరకు గడిచింది. మీలాంటి ప్రశ్న నా దగ్గరికి ఎక్కువగా తెచ్చినవారు స్త్రీలు. వారిలోనూ సంఘంలో అందరికంటే ఎక్కువ పని చేసేవారే తెచ్చారు. వారికి చెప్పిందే మీకూ చెబుతాను.

మీ సంఘపు పనుల్లో ఒకటి లేదా రెండు, పాస్టరుగారికీ ఇంట్లోవారికీ చెప్పి, పూర్తిగా వదిలిపెట్టండి. అలా ఖాళీ అయిన చోట రోజుకు పావుగంటో ఇరవై నిమిషాలో ఒకే వేళకు, నెలకు ఒక సగం రోజు ఏకాంతం పెట్టుకోండి. నాలుగింటికి లేవనక్కరలేదు. నిద్రలోంచి కోసి తెచ్చిన సమయం మీలాంటివారికి ఎక్కువ కాలం నిలవదు.

ఇంటిపని తగ్గించుకోమనో టీవీ మానుకోమనో చెప్పకుండా సంఘపు పనే వదలమనడం మీకు వింతగా అనిపించవచ్చు. మీరు రాసిన దినచర్య చూస్తే టీవీకి అందులో చోటే లేదు. బడి జీతానికి సంబంధించినది కాబట్టి కదపలేరు. వంటా, పిల్లల చదువూ, అత్తగారి మందులూ ఒకరోజు తగ్గించినా మరునాడు రెండింతలై వస్తాయి. మీ చేతిలో కదిలే భాగం సంఘపు పని ఒక్కటే. దాన్ని కదపడానికే మనం అన్నిటికంటే ఎక్కువగా భయపడతాం. ఎందుకంటే దాని మీద దేవుని పేరుంది.

ఆ భయానికి జవాబుగా మార్కు సువార్త మొదటి అధ్యాయాన్ని నెమ్మదిగా చదవమని అడుగుతాను. విశ్రాంతి దినం ముగిసిన సాయంకాలం కపెర్నహూము పట్టణమంతా సీమోను ఇంటి వాకిట చేరింది. యేసు అనేకులను స్వస్థపరచాడు. మరునాడు ఇంకా చీకటి ఉండగానే లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థిస్తున్నాడు. మనం సాధారణంగా ఇక్కడే ఆగి, ప్రభువు పెందలకడనే లేచాడు గనుక మనమూ లేవాలని ప్రసంగిస్తాం. నేనూ అలాంటి ప్రసంగాలు ఎన్నో విన్నాను. కాని ఆ తరువాతి వచనాల్లో ఉన్నదే మీకు కావలసింది. సీమోనూ అతనితో ఉన్నవారూ ఆయనను వెదుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం చూస్తున్నారని చెప్పారు. ఆయన ఆ వాకిటికి తిరిగి వెళ్లలేదు, పక్క ఊళ్లకు వెళ్దాం రమ్మన్నాడు. కపెర్నహూములో ఆ ఉదయం స్వస్థత కోరి వచ్చి నిలబడినవారు తప్పకుండా ఉండి ఉంటారు. వారి అవసరం అబద్ధం కాదు. అయినా ఏది చేయాలి, ఏది విడిచిపెట్టాలి అన్న నిర్ణయం వాకిట నిలిచిన గుంపు చేతిలో లేదు. ఆ నిర్ణయం ప్రార్థనలో జరిగింది. లూకా 5:15, 16 వచనాల్లోనూ ఇదే క్రమం కనిపిస్తుంది: ఆయన పేరు ఎంత ఎక్కువగా వ్యాపించిందో, జనం ఎంత ఎక్కువగా కూడి వచ్చారో, ఆయన అంతగా ఏకాంతానికి వెళ్తూ వచ్చాడు.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. మార్కు ఆరవ అధ్యాయంలో, భోంచేయడానికైనా తీరిక లేని శిష్యులను ప్రభువు ఏకాంత ప్రదేశానికి తీసుకువెళ్తే, జనం కాలినడకన వారికంటే ముందే అక్కడికి చేరుకున్నారు. అనుకున్న విశ్రాంతి ఆ పగలు దొరకలేదు. ప్రభువు జనాన్ని కసురుకోలేదు, కనికరపడి బోధించాడు, భోజనం పెట్టాడు. అయితే అంతా అయ్యాక శిష్యులను పడవ ఎక్కించి, జనాన్ని పంపివేసి, తాను కొండెక్కి ప్రార్థించాడు. మీరు పెట్టుకున్న పావుగంట కూడా ఇలాగే కొన్ని రోజులు చెడిపోతుంది. పిల్లవాడికి జ్వరం వస్తుంది, ఎవరో తలుపు కొడతారు. ఆ రోజు రాత్రికో మరునాటికో ఆ సమయాన్ని తిరిగి తెచ్చుకోవాలి గాని, చెడిపోయిందని మొత్తాన్నే వదిలేయకూడదు.

పని వదలడం గురించి ఇంకొక మాట. నిర్గమకాండం 18లో ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక్కడే కూర్చుని తీర్పులు తీరుస్తున్న మోషేతో, మామ యిత్రో మొహమాటం లేకుండా, నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నువ్వూ నీతో ఉన్న జనమూ నలిగిపోతారు అన్నాడు. నీతో ఉన్న జనమూ అన్న మాట గమనించండి. ఒకే మనిషి అన్నీ చేస్తే ఆ మనిషితో పాటు సంఘమూ నష్టపోతుంది. నేను పనిచేసిన ఒక సంఘంలో చాలా ఏళ్లపాటు సండే స్కూలు, క్వయరు, హార్వెస్టు పండుగ వేలం లెక్కలు అన్నీ ఒకే సహోదరి చూసేవారు. ఆమె మోకాళ్ల నొప్పితో క్వయరు మానుకున్నప్పుడు ఇక పాటలు ఆగిపోతాయని అందరూ అనుకున్నారు. అంతవరకు వెనుక బెంచీలో కూర్చుని నోరు మెదపని ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ముందుకు వచ్చారు. వారికి పాడాలని ఎప్పటినుంచో ఉంది, చోటు లేకపోయింది. మొదటి కొన్ని నెలలు శ్రుతి కుదరలేదన్నది నిజమే, ఎవరూ దానికి చనిపోలేదు.

ఇక మీ ఇంటి సంగతికి వద్దాం. ఏకాంతం మీద పుస్తకాల్లో రాసేవారికి సాధారణంగా తలుపు వేసుకునే గది ఒకటి ఉంటుంది. మన క్వార్టర్స్ ఇళ్లలో అది ఉండదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు ఒక గదిలో నిద్రపోతుంటే, ఇల్లంతా రెండో గదిలో గుసగుసగా మాట్లాడుకుంటూ బతుకుతుంది. ఇలాంటి ఇళ్లలో ఏకాంతం ఒకరు సంపాదించుకునేది కాదు, ఇంట్లో మిగిలినవారు కాపలా కాసి ఇచ్చేది. అందుకే దీన్ని దొంగతనంగా మొదలుపెట్టవద్దు. మీ వారితో కూర్చుని, ఫలానా వేళకు ఇరవై నిమిషాలు నన్ను ఎవరూ పిలవకుండా చూడండి, మీకు కూడా నేను అలాగే చూస్తాను అని ఒప్పందం చేసుకోండి. ఆయనకూ ఇవ్వడం ముఖ్యం. మన మగవారు ప్రార్థన ఆడవారి శాఖ అన్నట్లు ఉంటారు. అందులో కొంత సోమరితనం ఉన్నమాట వాస్తవమే గాని, వారిని ఎవరూ ఎన్నడూ ఒంటరిగా కూర్చోనివ్వకపోవడమూ ఒక కారణమే.

వేళ విషయంలో షిఫ్టు ఇళ్లకు గడియారం పనికిరాదు. రోజూ ఉదయం ఐదున్నరకు అని పెట్టుకుంటే, మీ వారికి ఉదయం షిఫ్టు పడిన వారంలో ఆ వేళకు మీరు టిఫిను క్యారియర్ కడుతుంటారు. రైలు నడిపే లోకో పైలట్ల కుటుంబాలకైతే వారం లెక్క కూడా ఉండదు, ఫోను ఎప్పుడు మోగితే అప్పుడే డ్యూటీ. అలాంటివారికి నేను చెప్పేది, గడియారానికి బదులు ఏదో ఒక పనికి ముడివేసుకోమని. ఒక సహోదరి భర్త డ్యూటీకి బయలుదేరి గేటు వేసిన వెంటనే, అది తెల్లవారుజామైనా మధ్యాహ్నమైనా, గిన్నెలు ముట్టుకోకుండా కూర్చునేవారు. మరొకరు నర్సు. ఆమె డ్యూటీ దిగాక ఇంటికి వచ్చేముందే, ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింది బెంచీ మీద కూర్చుని వచ్చేవారు. ఇంట్లో అడుగు పెడితే ఇక కుదరదని ఆమెకు తెలుసు. మీ విషయంలో బడి వదిలాక పిల్లలు ట్యూషనులో ఉండే వేళ అనువుగా ఉండవచ్చని మీరు రాసినదాన్ని బట్టి అనిపిస్తోంది.

చోటు విషయంలో నా ఆలోచన ఒకటుంది, దాన్ని కొంచెం గట్టిగానే చెబుతాను. మన చర్చి భవనాలు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటాయి. ఊళ్లో ఇంత నిశ్శబ్దమైన, చల్లని, మనదే అయిన చోటు మరొకటి లేదు. దాన్ని మనం ఫ్యాన్లూ మైకుసెట్టూ పోతాయని మూసి పెట్టుకుంటాం. నేను పనిచేసిన ఒక చోట సంఘ కమిటీని ఒప్పించి, సాయంకాలం రెండు గంటలపాటు తలుపు తీసి ఉంచే ఏర్పాటు చేశాం. కార్యక్రమం లేదు, పాట లేదు, మైకు అసలే లేదు. మొదట్లో ఎవరూ రాలేదు. తరువాత బజారు నుంచి తిరిగి వచ్చే స్త్రీలు సంచులతో సహా వచ్చి వెనుక బెంచీల్లో కాసేపు కూర్చుని వెళ్లేవారు. కొందరు ఏడ్చేవారు, కొందరు కునుకు తీసేవారు, ఎవరినీ ఏమీ అడగకూడదన్నదొక్కటే నియమం. మీ పాస్టరుగారిని ఈ ఒక్కటి అడిగి చూడండి. తాళంచెవి ఇవ్వడానికి ఇబ్బందైతే వారానికి ఒక సాయంత్రమైనా తెరవమనండి.

మన లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1535లో తన మంగలి పేతురు అడిగితే ప్రార్థన ఎలా చేయాలో ఒక చిన్న పుస్తకంగా రాసి ఇచ్చాడు. సంసారమూ దుకాణమూ ఉన్న మనిషి కోసం రాసినది కనుక మనకు బాగా పనికొస్తుంది. ఇతర పనుల వల్ల మనసు ప్రార్థన పట్ల చల్లబడిపోయినప్పుడు తాను కీర్తనల పుస్తకం పట్టుకుని గదిలోకి గాని, జనం కూడి ఉంటే చర్చికి గాని వెళ్తానని అందులో చెప్పుకున్నాడు. ఒక్క గంట ఆగు, ఈ పని చూసుకుని ప్రార్థిస్తాను అనే ఆలోచనను నమ్మవద్దని కూడా హెచ్చరించాడు. అంత పెద్ద మనిషికే చల్లబడిందంటే మీకు చల్లబడడంలో విడ్డూరం లేదు.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలన్నది తరువాతి ప్రశ్న.

మొదటి కొన్ని రోజులు నిద్ర వస్తే నిద్రపోండి. ఇది హాస్యం కాదు. మొదటి రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని ప్రార్థించినప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ మీద నిమ్మళంగా మాట్లాడిన స్వరం ఆ తరువాతి సంగతి. అలసట తీరని శరీరంతో మౌనంగా కూర్చుంటే కునుకు వస్తుంది, కునుకు వచ్చినందుకు అపరాధ భావం వస్తుంది, ఆ భావంతో మరునాడు కూర్చోబుద్ధి కాదు. ఈ వరుసను నేను చాలామందిలో చూశాను. 127వ కీర్తన రెండో వచనం నిద్రను దేవుడు తన ప్రియులకు ఇచ్చేదిగా చెబుతోంది. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో కూడా, రాత్రి ప్రార్థన చేసుకుని వెంటనే నిశ్చింతగా నిద్రపోమని ఉంది. మన ఇళ్లలో ఆల్ నైట్ ప్రేయర్‌కు ఉన్న గౌరవం ఈ వాక్యానికి దొరకలేదు.

నిద్ర బాకీ తీరాక ఒక చిన్న కీర్తన తీసుకోండి. 131వ కీర్తన మూడే వచనాలు, వారం పొడుగునా అదే చదివినా చాలు. గట్టిగా ఒకసారి, మెల్లగా ఒకసారి చదివి, పుస్తకం మూసి కూర్చోండి. లూథర్ తన మంగలికి నేర్పిన పద్ధతి ఇంకా వివరంగా ఉంటుంది: పది ఆజ్ఞల్లో ఒక్కొక్కదాన్ని తీసుకుని, అది నాకు ఏమి నేర్పుతోంది, దేనికోసం కృతజ్ఞత చెప్పాలి, ఏమి ఒప్పుకోవాలి, ఏమి అడగాలి అని నాలుగు పేటలుగా ఆలోచించమన్నాడు. అయితే మధ్యలో పరిశుద్ధాత్మ ఏదైనా ఒక తలంపు ఇస్తే మిగిలినవన్నీ వదిలిపెట్టి, మౌనంగా దాన్ని వినమన్నాడు. అంటే పద్ధతి పూర్తి చేయడం గురి కాదు. మీరు లెక్కలు చూసే మనిషి గనుక, పూర్తి చేయాలనే ఒత్తిడి మీకు ఉంటుందనుకుంటున్నాను.

మనసు పరుగెత్తుతుంది. కూర్చోగానే స్త్రీల సమాజం చందా ఎవరివ్వలేదో, గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలో గుర్తుకొస్తాయి. పక్కన ఒక కాగితం ముక్క పెట్టుకుని, గుర్తొచ్చినది ఒక్క మాటలో రాసి పక్కకు నెట్టండి. ఫోనులో రాసుకోవద్దు. ఫోను వేరే గదిలో ఉండాలి. బైబిలు యాప్ అనే సాకు నాకు తెలుసు. యాప్ తెరిచిన చేతికి సంఘం గ్రూపులో వచ్చిన ఫొటోలు చూడకుండా ఉండడం చేతకాదు. అచ్చుపుస్తకం వాడండి. వేసవిలో నాగావళి ఇసుకలో తవ్విన చెలమను చూసే ఉంటారు: ఆపకుండా ముంచుతూ పోతే బురదనీరే వస్తుంది, కాసేపు వదిలితే తేటనీరు ఊరుతుంది. మొదటి వారాల్లో మీకు బురదే కనిపిస్తుంది. పాత కోపాలు, మామూలుగా పనిలో పడి మరిచిపోయే బాధలు పైకి తేలతాయి. ఏకాంతం పనిచేయడం లేదని అనుకోవద్దు, అవి దేవునికి చెప్పవలసినవే.

భాష సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన సరిహద్దు ప్రాంతంలో ఇది నిజమైన ఇబ్బంది. మీరు బడిలో రోజంతా ఒడియా మాట్లాడతారు, పిల్లలు బైబిలు ఒడియాలోనే చదువుతారు, ఆరాధన రెండు భాషల్లో సాగుతుంది, ఇంట్లో అత్తగారితో తెలుగు. ఏకాంతంలో మాత్రం మీకు చిన్నప్పుడు ప్రార్థన నేర్పిన భాషనే వాడండి, అది ఏదైనా సరే. ఈ గంజాం, పర్లాకిమిడి సీమకు చెందిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రాసిన పాటలు మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. వాటిలో మీకు కంఠస్థం వచ్చినదొకటి కీబోర్డు లేకుండా, సగం గొంతుతో, ఒక్కరే పాడి చూడండి. క్వయరులో పాడేవారు పాట మీద కంటే పక్కవారి శ్రుతి మీద ఎక్కువ దృష్టి పెడతారు. ఒంటరిగా పాడినప్పుడు ఆ మాటలు మొదటిసారి విన్నట్లు ఉంటాయని క్వయరువారే నాకు చెప్పారు.

మౌనం క్రైస్తవం కాదన్న మీ స్నేహితురాలి మాటకు జవాబు క్లుప్తంగానే ఇస్తాను. 62వ కీర్తన మౌనంగా దేవునికోసం ఎదురుచూడడంతోనే మొదలవుతుంది. మూడో శతాబ్దంలో ఐగుప్తు ఎడారికి వెళ్లిన సన్యాసి అంతోని మొదలుకొని, ఇందులో సంఘానికి సుదీర్ఘమైన అనుభవం ఉంది. మన తెలుగువారిలో 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని ప్రత్యేకంగా నేర్పించారు. నేను లూథరనును, ఆ మిషను బోధలన్నిటితోనూ ఏకీభవించను, కాని ఈ విషయంలో వారి సంఘాల నుండి మనం నేర్చుకోవలసింది ఉంది. మనసును శూన్యం చేసుకోవడం మన గురి కాదు. ఎదుట ఒకరున్నారని తెలిసి, ఆ ఒకరి మాట వినడానికి నోరు మూసుకోవడం మాత్రమే. మీ స్నేహితురాలికి ఇంతకంటే వాదించి చెప్పవద్దు, వీలైతే ఒకసారి మీతో కూర్చోబెట్టుకోండి.

నెలకు ఒక సగం రోజు అన్నాను. దీనికోసం కొరాపుట్ కొండలకో అరకుకో వెళ్లనక్కరలేదు, వెళ్లగలిగితే సంతోషమే. రెండో శనివారం మీకు సెలవైతే, ఉదయం తొమ్మిది నుంచి పన్నెండున్నర వరకు పిల్లలనూ అత్తగారినీ మీ వారు చూసుకోవాలి. ఆయనకు ఉదయం షిఫ్టు పడని వారం చూసుకోండి. ఒక బైబిలు, ఒక నోటుపుస్తకం, నీళ్ల సీసా చాలు. మొదటి గంట నడవండి లేదా ఊరికే కూర్చోండి. రెండో గంట ఒక సువార్త అధ్యాయం చదవండి. ఆ తరువాత గడచిన నెలను తలచుకుని, దేనిలో దేవుని చేయి కనిపించిందో, దేనిలో మనసు గాయపడిందో రాయండి. చివరి అరగంటలో రాబోయే నెలలో ఏది ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి అన్నది దేవుని ఎదుట తేల్చుకోండి. ఈ చివరిదాన్ని వదలకండి. వద్దు అనే మాట గుంపు మధ్యలో నోటికి రాదు, ముందే తేల్చుకుని ఉంటేనే వస్తుంది.

ఆదివారం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మీ వారంలో ఎక్కువ బరువైన రోజు అదే. ఉదయం సండే స్కూలు, తరువాత క్వయరు, ఆరాధన, ఆపైన కమిటీ మీటింగు, ఇంటికొచ్చాక చికెనూ బగారా అన్నమూ, సాయంత్రం చుట్టాలు. ద్వితీయోపదేశకాండం 5:14లో విశ్రాంతి దినపు ఆజ్ఞ ఇంట్లోని దాసుడూ దాసీ కూడా యజమాని వలెనే విశ్రమించాలని ప్రత్యేకంగా చెబుతుంది. మన ఇళ్లలో ఆ రోజు దాసి స్థానంలో ఎవరున్నారో మగవారు ఒకసారి వంటింటి వైపు చూడాలి. ఆదివారం పెద్ద వంట మానేసి, శనివారం రాత్రే పప్పూ పచ్చడీ చేసిపెట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. చికెను సోమవారం తిన్నా రుచి మారదు. పిల్లలు గోల చేస్తారు, రెండు మూడు వారాల్లో అలవాటు పడతారు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి.

మీరు రాసినదానిలో రాత్రిళ్లు మూడింటికే మెలకువ వచ్చేస్తోందని, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయిందని ఒక వాక్యం ఉంది. ఇది వారాల తరబడి ఉంటే దయచేసి వైద్యుని కలవండి. థైరాయిడ్, రక్తహీనత, మానసిక కుంగుబాటు, వీటిలో ఏదైనా కావచ్చు. వీటికి చికిత్స ఉంది, మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. జిల్లా ప్రధాన ఆసుపత్రిలో అడగండి. కుంగుబాటులో ఉన్నవారికి ఎక్కువసేపు ఒంటరిగా ఉండమని నేను చెప్పను. వారికి పక్కన ఒకరు కూర్చోవడమే ప్రార్థన. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే ఇంట్లోవారికి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు.

పాలు తాగే బిడ్డ ఉన్న తల్లులకు, మంచాన పడినవారికి సేవ చేసేవారికి ఈ సమాధానంలో చెప్పిన కొలతలు వర్తించవు. వారు బిడ్డను పడుకోబెడుతూ ప్రభువు ప్రార్థన ఒక్కటి నెమ్మదిగా చెప్పుకుంటే సరిపోతుంది. మీకు ఆ దశ దాటింది గనుక మీతో ఇంత వివరంగా మాట్లాడాను.

ఇంట్లో ఎవరితోనైనా తగవు ఉండి మాట్లాడకుండా తప్పించుకోవడానికి ప్రార్థన గదిని వాడుకునేవారూ ఉన్నారు. అత్తాకోడళ్ల మధ్య ఇది తరచు జరుగుతుంది. ఏకాంతం నుంచి లేచాక మీరు ఇంట్లోవారికి కొంచెం ఓపికగా కనిపిస్తున్నారో లేదో వారినే అడగండి. కనిపించకపోతే ఎక్కడో తేడా ఉంది. ఆదివారం ఆరాధనా, ప్రభువు బల్లా మానుకోవడానికి కూడా ఇది కారణం కాకూడదు.

ఇక ఏది వదలాలో కూడా నన్నే చెప్పమన్నారు. దూరం నుంచి చెప్పడం సాహసమే, అయినా నా అభిప్రాయం ఇది. వాట్సాప్ వాక్యం ఈ వారమే మరొకరికి అప్పగించండి. రోజూ నిద్రలేవగానే మీ చేతికి ఫోను ఇస్తున్నది అదే, పైగా ఆ పని ఏ యువకుడైనా చేయగలడు. తరువాత స్త్రీల సమాజం లెక్కలు ఈ సంవత్సరం ముగిశాక కొత్త కోశాధికారికి పుస్తకాలతో సహా అప్పజెప్పండి, మధ్యలో వదిలితే మాటలు వస్తాయి. శనివారం గృహ ప్రార్థనకు రెండు వారాలకు ఒకసారి వెళ్లండి. సండే స్కూలు వదలవద్దు. మీ ప్రశ్నలో మీరు సంతోషంగా రాసిన వాక్యాలన్నీ ఆ పిల్లల గురించినవే. వాట్సాప్ పని తప్ప మిగిలినవి డిసెంబరులో మొదలుపెట్టకండి. సెమీ క్రిస్మస్‌లూ క్యారల్సూ నడుస్తుండగా పాస్టరుగారికి ఏ మాటా చెవికెక్కదు. జనవరి రెండో వారంలో, ఒక వారపు రోజు సాయంత్రం, మీ వారితో కలిసి పాస్టరుగారి ఇంటికి (పార్సనేజీకి) వెళ్లి చెప్పండి. మానుకుంటాను అనకుండా, ఫలానా అమ్మాయికి నేర్పి అప్పగిస్తాను అనండి, పేరు ముందే ఆలోచించుకుని వెళ్లండి. ఆయన అభ్యంతరపెడితే నిర్గమకాండం 18 చదివి మళ్లీ వస్తాం అని చెప్పి రండి. అప్పటికీ కుదరకపోతే ఇక్కడే నాకు రాయండి. పాస్టర్లతో ఎలా మాట్లాడాలో నాకు కొంత అనుభవం ఉంది.